తిరుగుదారి ముందు, బీటా తర్వాత

“సీడీ/డీవీడీ డ్రైవ్‌కి కావలసిన డ్రైవర్ కనబడటం లేదు. డ్రైవర్ ఉన్న ఫ్లాపీ గానీ, సీడీ గానీ, డీవీడీ గానీ, పెన్‌డ్రైవ్ గానీ ఉంటే ఇప్పుడు పెట్టండి.”

విండోస్ 7 ఇన్‌స్టాలర్ ఇంగ్లీషులో అడిగే మాట ఇది. డ్రైవర్ అంటే ఒక పరికరంతో మాట్లాడటానికి సిస్టమ్‌కి కావలసిన చిన్న ప్రోగ్రామ్. అసలు డిస్క్ డ్రైవే లేని లాప్‌టాప్ ముందు కూర్చుని దీన్ని చదివి తెల్లబోయినవాళ్ళు చాలామందే ఉంటారు. డ్రైవే లేదు మహాప్రభో అంటే దాని డ్రైవర్ ఏదంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

కారణం తెలిశాక మాత్రం నవ్వొస్తుంది. పెన్‌డ్రైవ్‌ని యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టి బూట్ చేశారనుకోండి, అంటే కంప్యూటర్‌ని దాని మీంచే లేపారనుకోండి. మొదట దాన్ని చదివేది బయోస్, అంటే ఆన్ చేయగానే మదర్‌బోర్డు చిప్‌లోంచి లేచే ప్రోగ్రామ్. బయోస్‌కి ఆ పోర్టు తెలుసు కాబట్టి పెన్‌డ్రైవ్‌లో ఉన్న బూట్.విమ్ అనే ఫైలుని మెమరీలోకి ఎక్కించి పక్కకి తప్పుకుంటుంది. అక్కణ్ణుంచి విండోస్ సొంత కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, నిద్రలేస్తుంది. యూఎస్‌బీ 3 డ్రైవర్ విండోస్ 7తో రాలేదు. దాంతో ఏ పెన్‌డ్రైవ్ ఎక్కి వచ్చిందో ఆ పెన్‌డ్రైవే దానికి కనబడదు. మిగతా ఫైళ్ళ కోసం వెతికి, దొరక్క, తాను డీవీడీలోంచే వచ్చి ఉంటానన్న నమ్మకంతో డీవీడీ డ్రైవర్ అడుగుతుంది. పెన్‌డ్రైవ్ తీసి పక్కనున్న యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టి మళ్ళీ మొదలుపెడితే, ఫైళ్ళు సరిగ్గా కాపీ అయి ఉన్నంతవరకూ, మారుమాట లేకుండా ముందుకెళ్ళిపోతుంది.

వచ్చిన దారి మర్చిపోయిన ఇన్‌స్టాలర్‌ని చూసి నవ్వుకున్నాను గానీ, నేను చేసిన పని అంతకన్నా తెలివైనదేమీ కాదు. అది చెప్పేముందు, డిస్క్ డ్రైవ్ లేని మెషిన్లో ఇంకా విడుదల కాని ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. చాలామంది దీన్ని రెండు కష్టాలు ఒకేసారి నెత్తిన పడ్డట్టు చూస్తారు. బీటా, అంటే పరీక్షకని ముందే వదిలే రూపం, ఒక కష్టం, డ్రైవ్ లేకపోవడం ఇంకో కష్టం. నా లెక్క వేరు. డ్రైవ్ లేకపోవడం మనకి జరిగిన మేలు. అసలు కష్టం లోపలికి వెళ్ళడంలో లేదు, బయటికి రావడంలో ఉంది. పాత సిస్టమ్ మళ్ళీ ఎక్కించుకునే పెన్‌డ్రైవ్ ముందుగా తయారు చేసి, అది బూట్ అవుతోందని కళ్ళారా చూసుకున్నవాడు ఏ బీటా అయినా నిశ్చింతగా వేసుకోవచ్చు. అది లేనివాడు ఎంత మంచి బీటా అయినా ముట్టుకోకూడదు.

2009 జనవరిలో విండోస్ 7 బీటా బయటికొచ్చింది, బిల్డ్ నంబరు, అంటే తయారీలో విడత నంబరు, 7000. మొదట 25 లక్షల మందికే అన్నారు. డౌన్‌లోడ్ తెరిచిన రోజే జనం ఎగబడి సర్వర్లు తట్టుకోలేకపోయాయి. వాయిదా వేసి, మళ్ళీ తెరిచి, ఆ 25 లక్షల పరిమితి కూడా ఎత్తేశారు. డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా కట్టినదాన్ని ఐఎస్ఓ అంటారు, దాని 32 బిట్ రూపం దాదాపు రెండున్నర జీబీ. అప్పటి నా కనెక్షన్‌కి అది రెండు రాత్రుల పని.

నా దగ్గరున్నది పది అంగుళాల చిన్న లాప్‌టాప్. నెట్‌బుక్కుల కాలం అది. 2007 చివర్లో ఏసూస్ ఈ పీసీ 701 ఏడంగుళాల స్క్రీన్‌తో, 4 జీబీ ఫ్లాష్ మెమరీతో వచ్చి మిగతా కంపెనీలన్నిటికీ ఆశ పుట్టించింది. 2008 జనవరిలో కవరులోంచి తీసి చూపించిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ డిస్క్ డ్రైవ్ లేదు. యాపిల్ వాళ్ళు దానికోసం రిమోట్ డిస్క్ అని, పక్క కంప్యూటర్ డ్రైవ్‌ని నెట్‌వర్క్ మీద వాడుకునే ఏర్పాటు పెట్టారు. నా చిన్నదానికి అలాంటి మర్యాదలేవీ లేవు. ఎక్స్‌పీతో వచ్చింది, సీడీ లేకుండా వచ్చింది. డ్రైవే లేనప్పుడు సీడీ ఇచ్చి ఏం లాభం అనుకుని ఉంటారు.

మా బావ అప్పటికే కంప్యూటర్లు విప్పి బిగించడంలో ఆరితేరినవాడు. “ఎవరినైనా అడిగి బయట తగిలించే డీవీడీ డ్రైవ్ ఒక్కపూటకి తెచ్చుకో. ఐఎస్ఓ రైట్ చేసుకో, అరగంటలో అయిపోతుంది. దీనికింత రామాయణం ఎందుకు?” అన్నాడు.

“బావా, పెన్‌డ్రైవ్‌తో అవుతుందంటున్నారుగా?”

“అవుతుంది. నీకు అవుతుందా అని.”

ఆ రెండో మాటే పౌరుషం తెప్పించింది.

బావ సలహా తప్పని అప్పుడు నాకు తెలియదు, మొండితనం కొద్దీ కాదన్నాను. ఇప్పుడైతే కారణం చెప్పగలను. డిస్క్ అన్నది అసలు సంగతిని దాచేస్తుంది. పెట్టగానే బూట్ అవుతుంది కాబట్టి బూట్ అవ్వడం డిస్క్‌కి పుట్టుకతో వచ్చిన గుణం అనిపిస్తుంది. అది నిజం కాదు. సీడీలకి ఫైల్ సిస్టమ్ ప్రమాణం, ఐఎస్ఓ 9660, 1988 నాటిది. సీడీ నుంచి బూట్ చేయాలంటే ఎలా అన్నది 1995లో ఫీనిక్స్, ఐబీఎమ్ వాళ్ళు కలిసి రాసిన ఇంకో పత్రంలో ఉంది. దాని పేరు ఎల్ టొరిటో. మధ్యలో ఏడేళ్ళు! అందులో వాడిన ఒక ఉపాయం ఏమిటంటే, సీడీలో ఒక మూల ఫ్లాపీ నకలు దాచి పెడితే, బయోస్ దాన్ని చూపించి బూట్ అయ్యే సిస్టమ్‌తో “ఇదిగో ఫ్లాపీ” అని అబద్ధం చెప్పడం. ఫ్లాపీ మీంచి లేవడం అలవాటైన పాత సిస్టమ్ దాన్ని నమ్మి బూట్ అయ్యేది. అంటే సీడీ కూడా ఒకప్పుడు దొడ్డిదారినే వచ్చింది. పెన్‌డ్రైవ్ దారిని అడ్డదారి అని చిన్నచూపు చూసేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

పెన్‌డ్రైవ్ బూట్ అవ్వాలంటే పాతకాలం బయోస్‌కి కావలసింది ఇంకా తక్కువ. మొదటి సెక్టర్, 512 బైట్లు. అందులో చివరి రెండు బైట్లు 55, ఏఏ అయి ఉండాలి. అవి కనిపిస్తే ఆ 512 బైట్లని మెమరీలోకి లాగి, ఇక నీ ఇష్టం అని పగ్గాలు వదిలేస్తుంది. మిగతా కథంతా ఆ 512 బైట్లలో ఉన్న చిన్న ప్రోగ్రామ్ నడుపుకోవాలి.

ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అందమైన సంగతి బయటపడుతుంది. ఐఎస్ఓ 9660లో మొదటి 32 కేబీ ఖాళీగా వదిలేయాలని నియమం. సీడీగా చదివేవాళ్ళెవరూ ఆ భాగం చూడరు. పెన్‌డ్రైవ్‌గా చదివే బయోస్ చూసేది మాత్రం సరిగ్గా అక్కడే, మొట్టమొదటి 512 బైట్లు. లినక్స్ లోకంలో సిస్‌లినక్స్ అనే బూట్ ప్రోగ్రామ్ రాసిన హెచ్. పీటర్ ఆన్విన్ ఈ ఖాళీ జాగా వాడుకుని ఐసోహైబ్రిడ్ అనే పనిముట్టు చేశాడు. దాంతో తయారైన ఒకే ఫైలు డిస్క్ మీద రాస్తే డిస్క్‌గా, పెన్‌డ్రైవ్ మీద ఉన్నదున్నట్టు దింపితే పెన్‌డ్రైవ్‌గా బూట్ అవుతుంది. ఇరవై ఏళ్ళ కింద ఎవరో ముందుచూపుతో వదిలిన ఖాళీ స్థలంలో ఇంకొకరు వచ్చి ఇల్లు కట్టుకున్నట్టుంది ఇది. ఇవాళ దాదాపు లినక్స్ డిస్ట్రోలన్నీ ఇలాంటి ఐఎస్ఓలే ఇస్తున్నాయి. విండోస్ ఐఎస్ఓలు ఇలాంటివి కావు. వాటిని అలా నేరుగా దింపితే పెన్‌డ్రైవ్ నిండుతుంది గానీ బూట్ అవ్వదు. లినక్స్ అలవాటున్నవాళ్ళు విండోస్‌తో మొదటిసారి తడబడేది ఇక్కడే.

విండోస్ 7కి అప్పట్లో చేయవలసిందల్లా ఇంతే. పెన్‌డ్రైవ్‌ని శుభ్రంగా తుడిచి, ఒక ప్రైమరీ పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) చేసి, దాన్ని యాక్టివ్‌గా, అంటే బూట్ అయ్యే భాగంగా, గుర్తుపెట్టి, ఫార్మాట్ చేసి, ఐఎస్ఓలో ఉన్న ఫైళ్ళన్నీ మామూలుగా కాపీ చేయాలి. ఎక్స్‌పీలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ అయితే దాని బూట్ కోడ్ ఎక్స్‌పీని లేపే ఎన్‌టీఎల్‌డీఆర్ అనే ఫైలు కోసం వెతుకుతుంది, కొత్త విండోసులకి కావలసింది బూట్ మేనేజర్. కాబట్టి బూట్‌సెక్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ కోడ్ మార్చాలి. నేను దాన్ని 64 బిట్ ఐఎస్ఓలోంచి తీసి 32 బిట్ ఎక్స్‌పీలో నడపబోయాను. అది కదల్లేదు. ఒక సాయంత్రం అలా పోయింది.

ఇంకో సాయంత్రం పోయిన తీరు అంత తేలిగ్గా చెప్పలేను. డిస్కులని తుడిచి పార్టిషన్లు చేసే విండోస్ కమాండ్ డిస్క్‌పార్ట్. ఎక్స్‌పీలో దానికి పెన్‌డ్రైవ్‌లు కనబడవు. అందుకని ఇంట్లో విస్టా ఉన్న డెస్క్‌టాప్ మీద పని పెట్టుకున్నాను. బీటా వేస్తున్నాం కదా, ముందు బ్యాకప్ తీసుకుందాం అని ఫొటోలూ పాటలూ అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని తీయకుండా అలాగే తగిలించి ఉంచాను. డిస్కుల జాబితాలో సున్నా డెస్క్‌టాప్‌ది, ఒకటి ఎక్స్‌టర్నల్, రెండు పెన్‌డ్రైవ్. ఎక్కడో చదివిన సూచనల్లో “డిస్క్ 1 ఎంచుకోండి” అని ఉంది. ఎంచుకున్నాను. క్లీన్ అన్నాను. డిస్క్‌పార్ట్ “మీరు నిజంగా ఇదే కోరుకుంటున్నారా” అని అడగదు. సెకను కూడా పట్టలేదు.

బ్యాకప్ తీసుకున్న గంటలోపే ఆ బ్యాకప్‌ని తుడిచేసిన ఘనత నాది.

క్లీన్ అన్నది డిస్క్ మొత్తాన్ని చెరపదు, పార్టిషన్ల పట్టిక ఉన్న చోటు మాత్రమే చెరుపుతుంది. లోపలి డేటా ఎక్కడిది అక్కడే ఉంటుంది, దానికి చిరునామా పోతుందంతే. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రామ్ డిస్క్ అంతా వెతికి పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పట్టుకుని పట్టిక తిరిగి రాసింది. ఫొటోలు దక్కాయి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ మాత్రం ఇప్పటికీ డిస్క్‌పార్ట్ నల్ల విండో తెరిచినప్పుడల్లా గుర్తొస్తుంది. అప్పటినుంచి పెన్‌డ్రైవ్ తయారుచేసే ముందు మిగతా డిస్కులన్నీ పీకేస్తాను, జాబితాలో నంబరు చూడను, సైజు చూస్తాను. లినక్స్‌లో డిస్క్ మీద నేరుగా రాసే డీడీ కమాండ్ వాడేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ‘డిస్క్ డిస్ట్రాయర్’ అని దాన్ని ఎగతాళిగా పిలుచుకునేది ఊరికే కాదు.

నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే పద్ధతి కూడా ఉంది, పీఎక్స్ఈ అంటారు. దానికి అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ సర్వర్, ఫైళ్ళు పంపే టీఎఫ్‌టీపీ సర్వర్ నిలబెట్టుకోవాలి. పది మెషిన్లున్నవాళ్ళకి బంగారం, ఒక్క లాప్‌టాప్ కోసం అయితే ఎలుకని పట్టడానికి కొండని తవ్వినట్టు.

డిస్క్ వద్దనడానికి నా దగ్గరున్న గట్టి కారణం ఇంకొకటుంది. విడుదల కాని సిస్టమ్ స్థిరంగా ఉండదు, ఉండకూడదు కూడా. బిల్డ్ 7000 జనవరిలో వస్తే రిలీజ్ క్యాండిడేట్, అదే ఆర్‌సీ, బిల్డ్ 7100 మే నెలలో వచ్చింది. జూలై 22న ఫైనల్ తయారైపోయింది. నాలుగు నెలలకే పాతబడే వస్తువుని చెరపడానికి వీల్లేని డిస్క్ మీద రాసుకోవడంలో అర్థం ఏముంది? ఇప్పటి ఇన్‌సైడర్ బిల్డ్‌లు (విడుదలకి ముందే విండోస్ పరీక్షించేవాళ్ళకి ఇచ్చేవి), లినక్స్ రోజువారీ ఇమేజీలు అయితే ఇంకా వేగం. డిస్కుల మీద రాస్తూ పోతే అలమర నిండుతుంది, అందులో పనికొచ్చేది ఎప్పుడూ చివరిదొక్కటే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి అప్పుడే దొరికింది. బీటా వాడుతున్నవాళ్ళు నేరుగా ఆర్‌సీకి అప్‌గ్రేడ్ అవ్వకుండా మైక్రోసాఫ్ట్ ఇన్‌స్టాలర్‌లో ఒక అడ్డు పెట్టింది. మధ్యంతర బిల్డ్ మీంచి మధ్యంతర బిల్డ్‌కి దూకడం మామూలు జనం చేసే పని కాదు, విస్టా నుంచి రండి, లేదా మొత్తం తుడిచి కొత్తగా వేసుకోండి, అప్పుడే మాకు పనికొచ్చే రిపోర్టులు వస్తాయి అన్నది వాళ్ళ వాదన. సబబైన వాదనే. అయినా తప్పదనుకునేవాళ్ళకి దారి కూడా వాళ్ళ బ్లాగులోనే చెప్పారు. సోర్సెస్ ఫోల్డర్లో సీవెర్షన్ అనే చిన్న ఫైలు, అందులో కనీస బిల్డ్ 7077 అని రాసి ఉంటుంది. దాన్ని 7000 చేస్తే అడ్డు తొలగిపోతుంది. పెన్‌డ్రైవ్ ఉన్నవాడు నోట్‌ప్యాడ్ తెరిచి, రెండంకెలు మార్చి, సేవ్ చేస్తాడు. డీవీడీ ఉన్నవాడు ఐఎస్ఓ మొత్తం విప్పి, మార్చి, మళ్ళీ కట్టి, మళ్ళీ రైట్ చేయాలి. బావ అప్పటికి మూడు డీవీడీలు పాడుచేసుకున్నాడు. నేను ఏమీ అనలేదు, కాస్త ఎక్కువసేపు నవ్వానంతే.

చెప్పొద్దూ, అలా దూకడం మంచిది కాదని నాకే రెండు వారాల్లో తెలిసొచ్చింది. పాత బీటా చెత్తంతా కొత్తదానిలోకి మోసుకొచ్చాను. తుడిచి మళ్ళీ మొదటినుంచి వేశాను. ఆ తుడవడంలోనే అసలు తప్పు చేశాను.

డిస్క్ చిన్నది. పార్టిషన్ల జాబితాలో పేరూ ఊరూ లేని ఒక ముక్క కొన్ని జీబీలు తిని కూర్చుంది. ఇదేమిటో అనవసరం అనుకుని డిలీట్ కొట్టి, ఆ జాగా కూడా కలిపేసుకున్నాను. అది రికవరీ పార్టిషన్, పాత సిస్టమ్‌ని మళ్ళీ ఎక్కించుకోవడానికి దాచిన భాగం. సీడీ ఇవ్వని కంపెనీ సీడీకి బదులు ఇచ్చింది అదే. ఎక్స్‌పీకి తిరిగి వెళ్ళే ఒకే ఒక్క దారిని నా చేత్తో నేనే మూసేసి, ఎక్కువ జాగా దొరికిందని సంబరపడ్డాను.

నెలల తరబడి ఏమీ తెలియలేదు. ఆర్‌సీ హాయిగా నడిచింది. కానీ ప్రీ-రిలీజ్ సిస్టమ్‌కి చావు తేదీ పుట్టినప్పుడే రాసి ఉంటుంది. బీటా 7000కి 2009 ఆగస్టు 1. ఆర్‌సీకి 2010 జూన్ 1. అప్పటిదాకా ఊరుకోదు. 2010 ఫిబ్రవరిలోనే హెచ్చరికలు మొదలయ్యాయి, మార్చి 1 నుంచి ప్రతి రెండు గంటలకీ తనంతట తాను ఆగిపోవడం మొదలుపెట్టింది. ఇదంతా ముందే రాసి ఉంచారు, దాచలేదు, తప్పు వాళ్ళది కాదు. నేనే మార్చి దాకా చూసుకోలేదు. రెండు గంటలకోసారి సేవ్ చేసుకుంటూ, గడియారం చూసుకుంటూ, ఎక్స్‌పీకి వెనక్కి వెళ్దామని చూస్తే రికవరీ పార్టిషన్ లేదు, సీడీ లేదు, ఉన్నా పెట్టడానికి డ్రైవ్ లేదు. పోనీ ఎక్స్‌పీని పెన్‌డ్రైవ్ మీంచి వేద్దామా అంటే అది విస్టా, 7ల లాంటిది కాదు. విస్టా నుంచి సెటప్ ప్రోగ్రామ్ ఒక ఇమేజీగా మెమరీలోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి, పోర్టు డ్రైవర్ ఉన్నంతవరకూ, ఎక్కణ్ణుంచి వచ్చినా ఫర్వాలేదు. ఎక్స్‌పీ సెటప్ సీడీని మనసులో పెట్టుకుని రాసినది, పెన్‌డ్రైవ్ అంటే మధ్యలో చేతులెత్తేస్తుంది. మూడు వారాలు ఉబుంటు అనే లినక్స్‌ని పెన్‌డ్రైవ్ మీంచే నడుపుకుంటూ గడిపి, చివరికి విడుదలైన విండోస్ 7 కొనుక్కుని బయటపడ్డాను.

లోపలికి వెళ్ళడానికి అంత కష్టపడినవాణ్ణి, బయటికి వచ్చే దారి గురించి ఐదు నిమిషాలు ఆలోచించలేదు. డ్రైవ్ ఉన్న మెషిన్ అయితే ఆ తప్పుని ఎవరో ఒకరి పాత సీడీ కాచేది. డ్రైవ్ లేనిదాంట్లో కాచేవాళ్ళు లేరు.

ఇక్కడ ఒకాయన తప్పకుండా లేచి, ఈ గొడవంతా దేనికి, వర్చువల్ మెషిన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, వేసుకోవచ్చుగా అంటారు. వేసుకోవచ్చు. మెనూలు ఎలా మారాయో చూడాలంతే అనుకుంటే అదే మంచిది. కానీ బీటాలు విరిగేది మెనూల దగ్గర కాదు. మూత వేసి తెరిస్తే లాప్‌టాప్ లేవకపోవడం, వైఫై మాటిమాటికీ పోవడం, టచ్‌ప్యాడ్ సగం మాత్రమే పనిచేయడం, బ్యాటరీ రెండింతలు వేగంగా అయిపోవడం, ఇవీ బీటా రోగాలు. వర్చువల్ మెషిన్‌కి మూత లేదు, బ్యాటరీ లేదు. దాంట్లో బాగుందంటే నా లాప్‌టాప్‌లో బాగుంటుందని కాదు.

ఆయన వాదనలో నిజం ఇంకోచోట ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అసలు మెషిన్ మీద వేస్తే దెబ్బ కూడా అసలు మెషిన్‌కే తగులుతుంది. 2008 సెప్టెంబరులో లినక్స్ కెర్నల్ 2.6.27 ఇంకా తయారీలో ఉండగా, దాన్ని పెట్టుకున్న ఉబుంటు 8.10 ఆల్ఫా లాంటి ముందస్తు విడుదలలు కొందరి ఇంటెల్ నెట్‌వర్క్ చిప్పుల్లోని శాశ్వత మెమరీని చెరిపేశాయి. ఈ1000ఈ డ్రైవర్ వాడే చిప్పులవి. మళ్ళీ ఏ సిస్టమ్ ఎక్కించినా ఆ నెట్‌వర్క్ కార్డ్ లేవదు. అందరూ డ్రైవర్‌ని అనుమానించారు. చివరికి దొంగ ఇంకెక్కడో దొరికాడు, కెర్నల్ నడకని గమనించడానికి పెట్టిన ఎఫ్‌ట్రేస్ కోడ్ ఖాళీ అయిపోయిన మెమరీలో రాస్తుంటే, ఆ చిరునామాలోకి అప్పటికే నెట్‌వర్క్ చిప్ వచ్చి చేరి ఉంది. డ్రైవ్ లేక నెట్‌వర్క్ బూట్ మీదే ఆధారపడ్డవాడికి ఇలా జరిగితే? తిరుగుదారి ఒక్కటే పెట్టుకోకూడదని నాకు ఈ సంఘటన నేర్పింది.

విండోస్ 7 బీటాలోనూ ఒక ముల్లు ఉండేది. ఎంపీ3 పాట వివరాలు మార్చినప్పుడు మీడియా ప్లేయర్ పాట మొదట్లో కొన్ని సెకన్లు కోసేసేది. దానికి అప్‌డేట్ వెంటనే ఇచ్చారు. అప్‌డేట్ వేసుకునేలోపే పాటల ఫోల్డర్ తెరిచినవాళ్ళ సంగతేమిటి? అందుకే బీటా ఉన్న మెషిన్లో నా అసలు ఫైళ్ళు పెట్టను, కాపీలే పెడతాను.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు అసలు ఎందుకు వేయాలంటే, విడుదలయ్యాక వేసినా ప్రమాదం పోదు కాబట్టి. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్, 1809, కొందరి డాక్యుమెంట్లు చెరిపేసింది, మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి సరిచేయాల్సి వచ్చింది. ముందస్తు బిల్డ్‌లు వాడినవాళ్ళలో కొందరు ఆ సంగతి అంతకుముందే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్‌కి ఫిర్యాదులు రాసే చోట, రాశారు. ఓట్లు తక్కువ పడటంతో ఆ మాటలు అడుగున పడిపోయాయి. ఆ తర్వాతే నష్టం ఎంత తీవ్రమో చెప్పే వీలు అందులో పెట్టారు. బీటా వేసి ఊరుకున్నవాడు కేవలం ముందుగా చూసినవాడు. నాకైతే రాసినవాళ్ళ మీదే గౌరవం, తమ మూడు సాయంత్రాలు ఖర్చుపెట్టి.

ఇప్పుడు పని తేలికైందా అంటే, అయింది, కాలేదు. బూట్‌సెక్ట్ అక్కర్లేదు. యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చినది) ఉన్న మెషిన్లు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పార్టిషన్ తెరిచి, ఈఎఫ్ఐ ఫోల్డర్లో ఫలానా పేరున్న ఫైలు ఉందా అని చూస్తాయి, ఉంటే నడుపుతాయి. ఫైళ్ళు కాపీ చేస్తే చాలు. కానీ ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్ మొత్తం కట్టి ఉండే ఇన్‌స్టాల్.విమ్ ఫైలు ఇప్పుడు తరచుగా దాటుతోంది. దాన్ని విండోస్‌లోని డిజమ్ కమాండ్‌తో రెండు ముక్కలు చేయాలి, లేదా రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌కి అప్పజెప్పాలి. వెన్‌టాయ్ అనే ప్రోగ్రామ్ వచ్చాక అసలు ఐఎస్ఓ ఫైళ్ళని పెన్‌డ్రైవ్‌లో పడేస్తే మెనూ తానే చూపిస్తోంది. బావ ఇప్పుడు దాని భక్తుడు, డీవీడీల ఊసెత్తడు.

కొత్త చిక్కులు ఇంకో రెండున్నాయి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే ఏర్పాటు) సెట్టింగ్ మారిస్తే, డిస్క్‌ని తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ అనుమానపడి రికవరీ కీ అడుగుతుంది. ఈ రోజుల్లో చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనకి చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసుకున్నాకే బయోస్‌లోకి వెళ్ళాలి. రెండోది, కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కి అసలు డిస్కే కనబడదు, స్టోరేజ్ డ్రైవర్ విడిగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని చూపించాలి. అప్పుడు డీవీడీ డ్రైవర్ అడిగేది, ఇప్పుడు డిస్క్ డ్రైవర్ అడుగుతుంది. వేషం మారింది, అడిగే అలవాటు పోలేదు.

ఇన్‌సైడర్ బిల్డ్ నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి వెళ్ళొచ్చు కదా అంటారు. అది కూడా బూట్ అవుతున్న మెషిన్‌కే. పదకొండో రోజున పెన్‌డ్రైవ్ తప్ప దిక్కులేదు.

ఐఎస్ఓ దింపాక హ్యాష్, అంటే ఫైలు మారలేదని చెప్పే వేలిముద్ర లాంటి సంఖ్య, సరిచూడటం గురించి ఒక్క మాట. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే లినక్స్ డిస్ట్రో సైట్‌ని హ్యాక్ చేసి డౌన్‌లోడ్ లింకులని దొంగ ఐఎస్ఓ వైపు తిప్పారు. అధికారిక సైట్‌కే ఇలా జరిగినప్పుడు, “లీకైన కొత్త బిల్డ్” అని ఎక్కడో దొరికినదాన్ని ఎక్కించేవాళ్ళ ధైర్యానికి నమస్కారం.

ప్రస్తుతం నా దగ్గర రెండు పెన్‌డ్రైవ్‌లున్నాయి. ఒకదాని మీద ‘లోపలికి’ అని, ఇంకోదాని మీద ‘బయటికి’ అని మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను. ఈ వారం ఒక కొత్త ప్రివ్యూ బిల్డ్ వేద్దామని ముందుగా ‘బయటికి’ తీసి బూట్ చేసి చూశాను. సగం దాకా వచ్చి చదవలేనంది. రెండేళ్ళుగా సొరుగులో పడి ఉంది, ఫ్లాష్ మెమరీ కరెంటు లేకుండా ఎల్లకాలం గుర్తుపెట్టుకోదు. బావ రాసిన డీవీడీ అయితే చదివేదేమో, పెట్టడానికి డ్రైవ్ ఉంటే.

ఇది రాస్తుండగా పక్కన కొత్త పెన్‌డ్రైవ్ మీద విడుదలైన సిస్టమ్ ఐఎస్ఓ ఎక్కుతోంది, 63 శాతం. మిగతా డిస్కులన్నీ పీకేశాను. అది బూట్ అయితే అప్పుడు రెండోదాని సంగతి చూస్తాను.